ముడుచుకునే దాకా

ఇంద్రజ చెయ్యి చాపింది. చెయ్యి దగ్గరికి రాగానే బంతిలా ముడుచుకోవాల్సిన జీవి ముక్కు పైకెత్తి, వేళ్ళు వాసన చూసి, చూపుడువేలి కొసని నాకింది. రెండోది ఇంకా సిగ్గులేనిది. ఏకంగా అరచేతిలోకి ఎక్కి, పొట్ట నిమరమన్నట్టు పక్కకు ఒరిగింది.

"ఇలాగైతే వదల్లేమండీ," అంది ఇంద్రజ.

నాగమణి అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. మేడం మెచ్చుకుంటుందని పొద్దుటి నుంచి ఎదురుచూసింది. అయిదు వారాల కింద బొటనవేలంత ఉన్న ముళ్ల ఎలుక పిల్లలివి. ఇవాళ ఒక్కొక్కటి పిడికిలికి పట్టనంత అయ్యాయి. కళ్ళు నిగనిగలాడుతున్నాయి, ముళ్ళు గట్టిపడ్డాయి. ఇంకేం కావాలట?

"ఎందుకు మేడం? కడుపునిండ తింటున్నయి గద," అంది.

ఇంద్రజ ఫారెస్టులో బీట్ ఆఫీసరు. కోదాడ పిల్ల, మిర్యాలగూడలో ఉద్యోగం. యూనిఫాం వేసుకున్నా గట్టిగా మాట్లాడటం చేతకాదు. చెడ్డమాట చెప్పాల్సి వస్తే ఎదుటివాళ్ళ కాళ్ళ వైపు చూస్తూ చెబుతుంది.

"తింటే చాలదండీ. మనిషి చెయ్యి చూసి భయపడని ముళ్ల ఎలుక బయట ఎన్నాళ్ళు బతుకుద్ది? కుక్క మూతి పెట్టినా ఇలాగే నాకుద్ది. శుక్రవారం మళ్ళీ వస్తా. నా చేతికీ, మీ చేతికీ ముడుచుకుంటే గుట్టలో వదిలేద్దాం. లేకపోతే జూకి పంపడమే. గాజుపెట్టెలో ఉంటాయి, బతికినన్నాళ్ళూ."

సోమవారం ఆ మాట చెప్పి బండెక్కి వెళ్ళిపోయింది. శుక్రవారానికి నాలుగు రోజులున్నాయి.

నాగమణికి పిల్లల్ని పెంచడం ఒక్కటే తీరుగా వచ్చు. నాలుగేళ్ళ చిన్నిని ఎలా పెంచిందో వీటినీ అలాగే పెంచింది. కాళ్ళు బారజాపుకుని ఒళ్ళో వేసుకుంది. ఉగ్గుగిన్నెలో మేకపాలు పోసి, దూదివత్తి ముంచి నోటికి అందించింది. పొట్టకు ఆముదం రాసింది, సాంబ్రాణి పొగ చూపించింది. పాలు పట్టే ముందు చిన్నిని పిలిచినట్టే నాలుకతో టిక్కుటిక్కుమని పిలిచింది. మొదట్లో తెలియక బర్రెపాలు పట్టి పొట్టలు ఉబ్బించుకుని, నిడమనూరు పశువుల దవాఖానకు పరుగెత్తితే, అక్కడి కాంపౌండర్ తులసీరాం మేకపాల సంగతి చెప్పాడు. పాలయ్యాక తడిగుడ్డతో కింద తుడిస్తే తప్ప వాటికి ఉచ్చ రాదని కూడా ఆయనే చెప్పాడు. అన్నీ చెప్పాడు గానీ, ముద్దు చేయొద్దని చెప్పలేదు. పాలు పట్టే మనిషికి ఆ మాట ఎవరైనా చెబుతారా?

చెడిపోయిన కూలర్ డబ్బాలో గడ్డి పరిచి వాటిని ఉంచింది. ఆ సాయంత్రం డబ్బా ముందు కూర్చుని, ఇక నుంచి పిలవకూడదని ఒట్టు పెట్టుకుంది. రెంటిలో చిన్నది గడ్డిలోంచి ముక్కు బయటపెట్టి ఆమె వైపే చూసింది. అంతలో వెనక నుంచి టకటక చప్పుడు వచ్చింది. రెండూ టక్కున ముడుచుకుపోయాయి. ముక్కులు లేవు, కాళ్ళు లేవు, రెండు ముళ్ల ఉండలు మాత్రమే ఉన్నాయి.

వచ్చింది అత్త వెంకటమ్మ. ఆ చప్పుడు ఆమె చేతికర్రది.

"తీస్కపోయిందా ఆ ఫారెస్టు పోరి?" అని అడిగింది, లేదని కళ్ళకు కనిపిస్తూనే ఉన్నా. తర్వాత కర్ర కొసతో డబ్బాను ఒక్క పోటు పొడిచి వెళ్ళింది.

వీటి తల్లిని కాల్చింది వెంకటమ్మే. ముళ్ల ఎలుక తోలు ముళ్ళతో సహా కాల్చి, ఆ బూడిద తేనెలో నాకిస్తే పిల్లల దగ్గు పోతుందని ఆమె నమ్మకం. ఆమె తల్లి నమ్మింది, తల్లి తల్లి నమ్మింది. చిన్ని ఎండాకాలం నుంచి దగ్గుతోంది. కొడుకు మల్సూర్ జేసీబీ నడుపుతాడు. త్రిపురారం దగ్గర బీడు చదును చేసేటప్పుడు ఒకటి కనబడితే పట్టుకురమ్మని ఆమే చెప్పింది. అతను సిమెంటు సంచిలో తెచ్చాడు. నాగమణి సంచి దులిపితే చచ్చిన తల్లితో పాటు రెండు పిల్లలు కింద పడ్డాయి. తులసీరాం కబురుతో వచ్చిన ఇంద్రజకు తల్లి జేసీబీ కింద పడి చచ్చిందని చెప్పారు. ఇంద్రజ నమ్మినట్టు తలూపింది. చిన్ని ఏడు పొద్దులు బూడిద నాకింది, ఏడు పొద్దులూ దగ్గింది. తల్లిది ముదురు తోలు గనక పనిచేయలేదనీ, లేత తోలైతే గుణం కనబడుతుందనీ వెంకటమ్మ అప్పటి నుంచి అంటూనే ఉంది.

మంగళవారం నాగమణి వరి నాటుకు పోలేదు. తెల్లవారుజాము నుంచి చిన్ని ఎగశ్వాస తీస్తుంటే మిర్యాలగూడ బస్సెక్కింది. పిల్లల డాక్టరు చిన్ని వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఇది కోరింతదగ్గు కాదు, ఉబ్బసం అన్నాడు. పొట్టి సీసాలాంటి ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి, దానికి మందు బిగించి, ముక్కూ నోరూ మూసి ఎలా పీల్పించాలో చూపించాడు. ఇంట్లో పొగ ఏముంది అని అడిగాడు. నాగమణి సాంబ్రాణి అంది. తర్వాత కొంచెం ఆగి, అత్త చుట్ట తాగుతుందని చెప్పింది. రెండూ బందు చేయమన్నాడు డాక్టరు.

ఆ మాట అత్తకు చెప్పడానికి నాగమణికి బస్సు దిగి ఇల్లు చేరేంత దూరం చాలలేదు. ఇంటికొచ్చాక కూడా చేయి కడుక్కుంది, నీళ్ళు తాగింది, చిన్నికి అన్నం కలిపింది. చివరికి పొయ్యి వైపు తిరిగి చెప్పేసింది. వెంకటమ్మ నోట్లో ఉన్న చుట్ట తీసి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూసి, గడప అవతలకు వెళ్ళి కూర్చుంది.

సాయంత్రం మల్సూర్ ఫోన్ చేశాడు. సూర్యాపేట బైపాస్ పక్కన పని, వారమంతా అక్కడే మకాం. చిన్ని సంగతి విన్నాడు, ముళ్ల ఎలుక పిల్లల సంగతి కూడా అడిగాడు. వాటిని భయపెట్టడం తన వల్ల కావడంలేదని నాగమణి చెప్పింది. పొద్దున తపేలా మీద గరిటెతో మోగిస్తే, చిన్నది అన్నం గిన్నె చప్పుడనుకుని పరుగెత్తుకొచ్చింది. మల్సూర్ నవ్వి, నవ్వు ఆపేసి, ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"ఏమన్న చెయ్యి గని, మా అమ్మ చేతికి మాత్రం ఇయ్యకు."

కన్నకొడుకే అలా అన్నాక ఎవరైనా ఆగిపోతారు. నాగమణి ఆగలేదు. అవి ముడుచుకునేది అత్త కర్రకే. మరో దారి లేదు. ఫోన్ పెట్టేసి, గడప అవతల కూర్చున్న అత్త దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అత్తా, రేపటి సంది నేను నాటుకు పోత. నువ్వు పొద్దంత గా డబ్బా కాడ కూసుంటవా? నన్ను సూస్తె అవి బెదురుతలెవ్వు. జర కట్టె సప్పుడు చెయ్యి, అదిలియ్యి. పాలు ఇడిసినయి గద, ఆకలైతే చెదలు కుండ ఉన్నది, గరిటెతోని వెయ్యి."

వెంకటమ్మ తల ఎత్తలేదు.

"నేను సెడ్డదాన్ననే గద నాకు అప్పజెప్తున్నవ్?"

కాదని చెప్పాలని నాగమణి నోరు తెరిచింది. అబద్ధం రాలేదు.

"అవును అత్తా," అంది.

"సరె పో," అంది ముసలమ్మ.

బుధవారం భాగ్య గుంపుతో పొలంలో దిగింది నాగమణి. గుంపుపెద్ద భాగ్య. ఎకరాలు గుత్తకు పట్టింది గనక ఎవరు నిలబడినా ఊరుకోదు. కాలువ నీళ్ళు వచ్చిన వారం, అందరి పొలాలూ ఒక్కసారే నాటు కోరుతున్నాయి. నాగమణి వంగి, ఎడమచేతిలో నారుకట్ట పట్టుకుని, మూడేసి నాలుగేసి పిలకలు బురదలోకి గుచ్చుతూ వెనక్కి నడుస్తోంది. చేతులు చేతుల పని చేస్తున్నాయి, మనసు కూలర్ డబ్బా చుట్టూ తిరుగుతోంది. కర్ర కొస నేరుగా గుచ్చుకుంటే? డబ్బా తలుపు తెరిచిపెట్టి వీధికుక్కను రానిస్తే? లేత తోలు, లేత తోలు అని ఎన్నిసార్లు అనలేదు? ఒక పొయ్యి, ఒక అగ్గిపుల్ల, అరగంట సమయం చాలు. చిన్ని కోసమే చేశానంటే ఊళ్ళో ఎవరూ తప్పుపట్టరు. తనే పిచ్చిదంటారు. కన్నబిడ్డ దగ్గుతుంటే ఎలుకలకు పాలు పట్టిందని ఇప్పటికే అంటున్నారు.

"ఓ నాగమణి, ఏడ నాటుతున్నవ్? నీ సాలు పాము పోయినట్టు పోతాంది," అంది భాగ్య. వెనక్కి చూసుకుంటే నిజమే. పీకి మళ్ళీ నాటింది. మళ్ళీ వంకర పోయింది.

పొద్దు వాలే వేళకు ఒడ్డు మీదకు ఎక్కి ఊరివైపు చూసింది. తమ వాడకట్టు మీద నల్లగా పొగ లేస్తోంది.

కాళ్ళ బురద కడుక్కోలేదు. సద్దిగిన్నె అక్కడే వదిలేసింది. ఒడ్ల మీద పరుగెత్తితే కాలు జారి ఒకసారి మడిలో పడింది, లేచి మళ్ళీ పరుగెత్తింది. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ అత్త మీద కాదు, తన మీద. చెప్పిన మాట వినలేదు. వాటిని కాల్చగల చేతికి తనే తీసుకెళ్ళి ఇచ్చింది.

ఇంటి వెనక గోడ దగ్గర మంట. పక్కన వెంకటమ్మ కర్ర ఊతంగా నిలబడి ఉంది. నాగమణి ఆమెను తోసుకుని మంటలోకి చూసింది. తోలు లేదు, ముళ్ళు లేవు. పొగాకు ఉంది. రెండు నెలలకని కోదాడ నుంచి తెప్పించుకున్న పొగాకు కట్ట మొత్తం చిటపటమని కాలుతోంది. చుట్టిపెట్టుకున్న చుట్టలు కూడా అందులోనే ఉన్నాయి. మనవరాలికి పొగ పడదని ఆ ముసలిది వాడకట్టంతా పొగ నింపేసింది.

"ఇంట్ల ఉంటే పానం గుంజుతది," అంది వెంకటమ్మ. "ఎవరికన్న ఇద్దమంటె మనసు ఒప్పలే."

తర్వాత కోడలి మోకాళ్ళ దాకా ఉన్న బురద చూసింది, చీర చూసింది, రొప్పుతున్న మెడ చూసింది. ఎందుకు పరుగెత్తుకొచ్చిందో అర్థమైంది.

"డబ్బల ఉన్నయి. పోయి సూస్కో," అని మొహం తిప్పుకుంది.

నాగమణి చూడటానికి వెళ్ళలేదు. వెళ్ళాలని కాళ్ళు లాగుతున్నాయి గానీ సిగ్గుతో చచ్చిపోయింది. చిన్ని లోపల గాలి మందు పీల్చి నిద్రపోయిందని, మధ్యాహ్నం నుంచి రెండుసార్లే దగ్గిందని వెంకటమ్మ మంట వైపు చూస్తూ చెప్పింది. ఇద్దరూ పొగాకు పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడ్డారు.

గురువారం నాగమణి డబ్బా ఉన్న వైపు వెళ్ళనే లేదు. చీకటితోనే లేచి చెదలు కుండ మార్చింది. పాత కుండలో పేడా ఎండుగడ్డీ కుక్కి పుట్ట మీద బోర్లిస్తే, తెల్లారేసరికి అడుగంతా చెదలు పడుతుంది. కోడిపిల్లలకు చేసే పనే. కుండ తెచ్చి అత్త ముందు పెట్టి, మాట్లాడకుండా పొలానికి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి వంటింట్లోనే కూర్చుంది. గోడ అవతల కర్ర చప్పుడు వినబడింది. "ఏయ్, లోపటికి పో, మనిషిని సూస్తె ముడుసుకోవాలె, ఎన్నిసార్లు జెప్పాలె నీకు," అని ముసలమ్మ అరవడం వినబడింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడమే నాగమణిని నిలవనివ్వలేదు. లేచింది, కూర్చుంది, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. నాలుక కొస దాకా టిక్కుమనే పిలుపు వచ్చింది. మింగేసింది.

శుక్రవారం నాలుగు గంటలకు ఇంద్రజ వచ్చింది. డబ్బా తలుపు తీసి చెయ్యి పెట్టింది. పెద్దది బుస్సుమని ముడుచుకుంది. చిన్నది ఒక్క క్షణం ఆగి అదీ ముడుచుకుంది. ఇంద్రజ మొహం వెలిగింది. "ఇప్పుడు మీరు పెట్టండి," అంది.

నాగమణి వంగింది. మూడు రోజులుగా వాటిని ముట్టుకోలేదు. భయపడితేనే వదులుతారు, భయపడకపోతే గాజుపెట్టె. తనని చూసి భయపడాలని ఆమె నిజంగానే కోరుకుంది. వేలు తగలగానే చిన్నది ముడుచుకుంది. ఎప్పుడూ తన వేలు నాకే ముక్కు ముళ్ళలోకి వెళ్ళిపోయింది. ముల్లు చురుక్కుమంది. గెలిచినట్టే, అయినా గుండెలో ఎవరో గుప్పెడు మట్టి పోసినట్టయింది. కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

"అవ్వకు పరీక్ష పెట్టక్కర్లేదులే," అని ఇంద్రజ నవ్వింది. "వీటికి భయం నేర్పిందే అవ్వ." వెంకటమ్మ నవ్వలేదు. ఏదో చెప్పబోయినట్టు కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, చెప్పకుండా ఊరుకుంది.

గుట్టకు నాగమణి రాకూడదని ఇంద్రజ చెప్పింది. చివరి నిమిషంలో ఆమె గొంతు వింటే అవి తిరిగొస్తాయేమోనని భయం. బుట్ట పట్టుకుని వెనక కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. వెంకటమ్మ తనే వస్తానంది. అరవై అయిదేళ్ళ ముసలమ్మ ఫారెస్టు స్కూటీ మీద, ఒళ్ళో బుట్ట, చంకలో కర్రతో వెళుతుంటే వాడకట్టు జనం బయటకొచ్చి చూశారు. నవ్వాల్సిన దృశ్యమే. గడపలో నిలబడ్డ నాగమణికి నవ్వు రాలేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టారు. ఇంద్రజ వాకిట్లోనే వెంకటమ్మను దింపి, రెండూ బాగానే వెళ్ళాయండీ అని చెప్పి వెళ్ళిపోయింది. వెంకటమ్మ అరుగు మీద కూర్చుంది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. నాగమణి నీళ్ళు తెచ్చి ఇస్తే ఎడమచేత్తో అందుకుంది.

"ఎట్ల పోయినయి అత్తా?"

"పెద్దది బుట్ట వొంపంగనే ఉరికింది. రాళ్ళ సందుల జొరబడ్డది." నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టింది. "చిన్నది పోలే."

నాగమణి ఆమె ముందు కింద కూర్చుంది.

"మేడం బండి కాడికి పోయింది. నేనొక్కదాన్నే ఉన్న. అది అటుసూసింది ఇటుసూసింది, మల్ల నా కాళ్ళ కాడికే వచ్చింది. నా వేలు నాకింది."

"నీ కాడికా?"

వెంకటమ్మ దొంగతనం ఒప్పుకుంటున్నట్టు మెల్లగా చెప్పింది. బుధవారం పొద్దంతా కర్ర చప్పుడు చేస్తే చిన్నది బెదిరి తిండి ముట్టలేదట. గరిటెతో వేసిన చెదలు అలాగే పాకిపోయాయట. ఆకలితో ఉన్నదాన్ని ఎంతసేపని చూస్తుంది? అరచేతిలో నాలుగు చెదలు పోసి పెట్టింది. తిన్నది. మళ్ళీ పెట్టింది. అదిలించేది, మళ్ళీ పెట్టేది. గురువారం కూడా అంతే.

"నీకు జెప్తె తిడ్తవనుకున్న. మేడానికి జెప్తె జూకు పట్టుకపోతదనుకున్న. గుట్టకాడ మాత్రం ఏం జేస్త? అది నన్ను ఇడువదు. కట్టె నేలకేసి కొట్టిన. కదలలే. కట్టెతోని దాన్నే కొడ్దమంటె చెయ్యి రాలే, సచ్చిపోతదేమోనని. ఇగ..."

కొంగు విప్పింది. అరచేయి నిండా ఎర్రటి చుక్కలు. బొటనవేలి మొదట్లో చర్మం చీరుకుని నెత్తురు గడ్డకట్టి ఉంది. ఆ ముళ్ళ మీద అరచేత్తో కొట్టింది. ఒకసారి కాదు. ముడుచుకున్నది విప్పుకున్నప్పుడల్లా, ముక్కు తన వైపు తిరిగినప్పుడల్లా కొట్టింది.

"ముల్లు గుచ్చుకుంటుంటె తెల్సింది, గట్టిగనే కొడ్తున్ననని. ఆకరికి ఉరికింది, పిల్లా. నన్ను సూసే ఉరికింది."

ముసలమ్మ ఏడ్చింది. ఏడవటం కూడా ఆమెకు కోపంలాగే వచ్చింది, పళ్ళు బిగబట్టి, ఎవరినో తిట్టబోతున్నట్టు. లోపల చిన్ని మందు పీల్చి ప్రశాంతంగా నిద్రపోతోంది. నాగమణి లేచి వంటింట్లోకి వెళ్ళి, పసుపూ నూనే కలిపి తెచ్చింది. అత్త చేయి తన ఒళ్ళో పెట్టుకుని, చర్మంలో విరిగిపోయిన ముల్లు కొసల్ని దీపం దగ్గర ఒక్కొక్కటీ గోటితో తీసి, పసుపు అద్దుతూ కూర్చుంది. వెంకటమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.